“కొట్టలేదు కదా” అంటే సరిపోతుందా? ఇంట్లో కనబడని అదుపు.. చట్టం ఏం చెబుతోంది

అత్తారింట్లో ఉండలేకపోతున్నానని అమ్మాయి పుట్టింటికి వస్తే మనవాళ్లు మొదట అడిగేది ఒకటే.. “కొట్టాడా?” లేదంటే, “మరింకేం బేటీ, సబ్ర్ చేయి” అని తిప్పి పంపుతారు. జమాత్ పెద్దల దగ్గర కూడా చాలాసార్లు ఇదే ప్రశ్న. ఒంటి మీద దెబ్బ కనబడితేనే జుల్మ్ అన్నది మన లెక్క. చట్టం లెక్క వేరు. అది కూడా నిన్నా మొన్నా వచ్చింది కాదు.

నేను చదివింది బీకాం. కాబట్టి డబ్బు దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఇలాంటి ఇల్లు మనందరికీ తెలిసే ఉంటుంది. కోడలు ప్రైవేట్ స్కూల్లో టీచర్. జీతం ఆమె అకౌంట్లోనే పడుతుంది. కానీ ఏటీఎం కార్డు భర్త జేబులో, ఓటీపీ వచ్చే సిమ్ ఆయన ఫోన్‌లో. ఆటో చార్జీకి కూడా రోజూ చేయి చాపాలి. మెహర్ ఇంకా నికానామా కాగితం మీదే ఉంది. ఆమె బంగారం ‘భద్రంగా ఉంటుంద’ని అత్తగారి బీరువాలోకి వెళ్లింది, అక్కడి నుంచి గోల్డ్ లోన్‌కు వెళ్లింది. అమ్మీకి ఫోన్ చేస్తే స్పీకర్ ఆన్‌లో ఉండాలి. భర్త గల్ఫ్‌లో ఉంటే వీడియో కాల్‌లో గదంతా తిప్పి చూపించాలి.

ఒక్కొక్కటీ విడిగా చెబితే “ఇది కూడా ఒక గొడవేనా” అంటారు. అన్నీ కలిపి చూస్తే ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు. భయపెట్టి, డబ్బు ఆపి, తనవాళ్లను దూరం చేసి మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడాన్ని ‘కోయర్సివ్ కంట్రోల్’ అంటున్నారు. ఇంగ్లండ్‌లో 2015 చట్టం ప్రకారం దీనికి ఐదేళ్ల వరకు జైలు.

ఖర్చుల మీద మాటామాటా అనుకోవడం ఏ ఇంట్లోనైనా ఉంటుంది కదా అనొచ్చు. నిజమే. గుర్తుపట్టడానికి ఒక తేడా చూడండి. ఆమె ‘వద్దు’ అన్నప్పుడు వాదన జరిగి ఆగిపోతే అది మామూలు సంసారం. ‘వద్దు’ అంటే ఏం జరుగుతుందోనని ముందే భయపడి నోరు మూసుకుంటుంటే అది అదుపు.

మన దేశంలో ఈ పేరుతో విడిగా నేరం లేదు. కానీ 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం తీసి చూడండి. దెబ్బ కొట్టకపోయినా ప్రవర్తనతో భార్య బతుకు దుర్భరం చేయడం క్రూరత్వమే అని అందులో ఉంది. ఆమె ఆస్తిని అమ్మేయడం, దాని మీద హక్కును వాడుకోనివ్వకపోవడం కూడా క్రూరత్వం కిందే రాశారు. మెహర్ భార్య సొత్తు అని మన దీన్ అంతకన్నా ఎంతో ముందే చెప్పింది.

2005 గృహహింస చట్టం ఇంకా స్పష్టం. శారీరక, లైంగిక, మాటల-మానసిక, ఆర్థిక హింస నాలుగూ హింసే. ఇది భార్యలకే కాదు, ఒకే ఇంట్లో ఉంటున్న తల్లి, చెల్లి, కూతురికి కూడా వర్తిస్తుంది. అత్త, ఆడబిడ్డల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు. “కేసు అంటే అబ్బాయి జైలుకే” అని చాలామంది భయం. ఈ చట్టం కింద మేజిస్ట్రేట్ మొదట ఇచ్చేది రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల కస్టడీ లాంటి ఆదేశాలు. రక్షణ ఆదేశాన్ని ఉల్లంఘిస్తే అప్పుడు ఏడాది వరకు జైలు, లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈమధ్య వచ్చిన రెండు తీర్పులు మన రాష్ట్రం కేసులే. 2024 జులైలో తెలంగాణకు చెందిన కేసులో, తలాఖ్ అయిన ముస్లిం మహిళ కూడా సీఆర్‌పీసీ 125 కింద భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 144. ఇల్లు చూసుకునే భార్యకు జాయింట్ అకౌంట్, ఏటీఎం అందుబాటులో ఉంచాలని కూడా ఆ తీర్పులో రాశారు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులాకు భర్త ఒప్పుకోవాల్సిన అవసరం లేదని తేల్చింది. “నేను వదలను, నువ్వెలా పోతావో చూస్తా” అనే బెదిరింపుకు అది జవాబు.

ఇబ్బందిలో ఉన్నవాళ్లు ముందు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. ఆధార్‌తో బ్యాంక్ బ్రాంచ్‌కు వెళ్లి మీ అకౌంట్‌కు మీ నంబర్ పెట్టించుకోండి. నికానామా కాపీ, బంగారం బిల్లులు, ఫొటోలు నమ్మకమైన వాళ్ల దగ్గర ఉంచండి. మహిళల హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ లాయర్‌ను ఉచితంగా ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. మీ ఫోన్ ఎవరైనా చూస్తుంటే పక్కింటి ఫోన్ నుంచి చేయండి.

ఇంట్లో పెద్దలకు, మస్జిద్ కమిటీలకు ఒక విన్నపం. సయోధ్య చేయండి, మంచిదే. కానీ బిడ్డ గడపలోకి వచ్చినప్పుడు “కొట్టాడా” దగ్గరే ఆగొద్దు. నీ జీతం ఎవరి చేతిలో ఉంది? మెహర్ అందిందా? మాతో మాట్లాడాలంటే ఎవరి పర్మిషన్ కావాలి? ఈ మూడూ అడగండి. జవాబు విన్నాక సబ్ర్ ఎవరికి చెప్పాలో మీకే తెలుస్తుంది.