ఆ తలనొప్పికి ఊరంతా లేవాలి

కోనసీమ వాసులారా,

ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్క క్షణంలో ముంచుకొస్తే పైత్యమనీ, ఎండదెబ్బ అనీ, దిష్టి అనీ పేరు పెట్టి పడుకోబెట్టడం ఇవాళ్టితో మానేద్దాం. బామ్ రాసి తెల్లారేదాకా చూద్దామన్న మాట మన ఇళ్లలో ఇక వినపడకూడదు.

మెదడుకు నెత్తురు మోసే నాళంలో ఒకచోట గోడ పల్చబడి ఉబ్బుతుంది. నూటికి ముగ్గురిలో అలాంటి ఉబ్బు ఉండొచ్చని వైద్యుల అంచనా. చాలామందిలో అది జీవితాంతం చిట్లదు. చిట్లిందా, మెదడు చుట్టూ నెత్తురు చేరుతుంది. ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, కొందరికి స్పృహ తప్పడం. కాలూ చెయ్యీ పడిపోకపోవచ్చు. అక్కడే మోసపోతాం, పక్షవాతం కాదులే అనుకుంటాం. నొప్పి కాస్త తగ్గినా గండం గడవలేదు. మళ్లీ చిట్లే ముప్పు మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. రెండోసారి చిట్లితే బతికి బయటపడేవాళ్లు తక్కువ.

దీనికి వైద్యం ఉంది. 1937లోనే అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ ఆ ఉబ్బు మొదట్లో వెండి క్లిప్పు బిగించి మూసేశాడు. ఇప్పుడు తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పంపి, ప్లాటినం తీగలతో లోపలినుంచే పూడుస్తున్నారు. 2011లో బ్రిటిష్ నటి ఎమీలియా క్లార్క్‌కు 24 ఏళ్లకే ఆ ఉబ్బు చిట్లింది. వైద్యం అందింది, మళ్లీ తెర మీదికి వచ్చింది.

మనకూ ఆ వైద్యానికీ మధ్య గోదావరి ఉంది. సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రి కోసం ఎదుర్లంక వారధో, రావులపాలెమో, చించినాడ వంతెనో దాటాల్సి రావచ్చు. లంకల్లో ఉన్నవాళ్లకు అంతకంటే ముందు పడవ కావాలి. కనుమనాడు జగ్గన్నతోటకు గంగలకుర్రు ప్రభను భుజాలకెత్తుకుని కౌశికలోకి దిగి దాటించే మనుషులం మనం. అర్ధరాత్రి ఒక రోగిని రేవు దాటించడానికి ఆ భుజాలే కావాలి.

ఆర్‌ఎంపీ మిత్రులారా, ఊరు మొదట పిలిచేది మిమ్మల్నే. ఇంజెక్షన్‌తో సరిపెట్టకండి. "స్కాన్‌కు పంపండి" అన్న మీ ఒక్క మాట ప్రాణం నిలుపుతుంది. అమ్మలారా, గుండెకు మంచిదని విన్న ఆస్పిరిన్ ఇక్కడ వేయకండి, నెత్తురు ఇంకా కారుతుంది. మగతగా ఉంటే నీళ్లు కూడా పట్టకండి, పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి చేరాక ఖర్చు మాట ఆరోగ్యమిత్రను అడగొచ్చు. ముందు బయల్దేరండి.

లంక పొగాకు మన నేల పంటే. అయినా చెప్పక తప్పదు: చుట్టా, సిగరెట్టూ, అదుపులేని బీపీ ఈ ముప్పును పెంచుతాయి. ఆశా కార్యకర్త బీపీ చూస్తానంటే చెయ్యి చాపండి, మాత్రలు మధ్యలో ఆపకండి. మీ రక్తసంబంధీకుల్లో ఇద్దరికి మెదడు నాళంలో ఈ ఉబ్బు వచ్చి ఉంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

ఈ ఆదివారం అన్ని పేటలవాళ్లూ ఒకచోట కూర్చోండి. రాత్రివేళ కారు తీసేదెవరు, వరద రోజుల్లో పడవ విప్పేదెవరు, ముందుగా ఏ ఆస్పత్రికి ఫోన్ చేయాలి, పేర్లూ నంబర్లూ రాసి పంచాయతీ గోడకు అంటించండి. డ్రైవరు ఊళ్లో లేని రాత్రికి రెండో పేరు కూడా రాయండి.