ఆముదము వాసన

ఆత్మకూరు పరిసరములందలి మిట్టచేలకు ఆముదము పాత పంట. జూరాల కాలువల నీరు పారినచోట నేడు వరి పచ్చగా కనబడుచున్నను, వానపైననే ఆధారపడిన చెల్కలలో ఆముదపు చెట్టు ఇంకను తన పట్టు విడువలేదు. పాలమూరు, నల్లగొండ జిల్లాల రైతులకు ఆ గింజను గూర్చి ఒకరు చెప్పవలసినది లేదు. దీపమునకు, తలకు, బండి కందెనకు, పసిబిడ్డల కడుపునకు ఆ నూనెయే. అయితే ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో ఒక తరమువారికి అదే వాసన సోకినంతనే ఇల్లును వైద్యుడును గాక మోటారు పందెపు మైదానము జ్ఞప్తికి వచ్చెడిది. 1909లో వేక్‌ఫీల్డు కంపెనీ తన క్రొత్త ఇంజను నూనెకు 'కాస్ట్రాల్' అని పేరిడుటకు అందు కలిసిన ఆముదమే హేతువు. మండు వేడిలో గూడ లోహమును విడువక అంటియుండు గుణము దానికి కలదు. మొదటి ప్రపంచయుద్ధమునాటి విమానములలో పెక్కింటికి ఈ నూనెయే పోసిరి. ఇంజనునుండి వెడలిన ఆముదపు తుంపరలను మ్రింగిన వైమానికుల కడుపులు ఏ గతి పట్టినవో తెలుగువారికి వివరింపనక్కరలేదు.

ఈ నూనెకు ఒక దోషము కూడ కలదు. పందెము ముగిసిన వెనుక దానిని ఇంజనులో నిలువ యుంచినచో క్రమముగా చిక్కబడి, జిగురై, వార్నీషువలె అంటుకొనిపోవును. మామూలు ఖనిజపు నూనెతో అది కలియదు. పరుగెత్తునంతసేపు ఇంజనునకు ప్రాణము పోయునదే, నిలిచినచో దానిని బంధించును. 1920 మొదలు 1960ల వరకు పందెముల కొరకు నిర్మింపబడి, నేడు ధనికుల షెడ్లలోను ప్రదర్శనశాలలలోను నిలిచియున్న పాత స్పోర్ట్సు కార్ల కథ యంతయు ఈ నూనె కథవంటిదే. వానిని సొంతము చేసికొనవలెనను కోరికకును, సొంతము చేసికొన్న పిమ్మట పడవలసిన పాట్లకును మూలమొక్కటియే: అవి ఒకచోట నిలుచుటకు పుట్టినవి కావు.

కోరిక మాట ముందు చెప్పవలెను. దానిని కేవలము డబ్బున్నవారి డంబమని త్రోసివేయుట న్యాయము గాదు. 1924లో ఫ్రాన్సులోని లియోన్ పందెమున మొదట కనబడిన బుగాటి 35 రకపు కారును చూచినవారికి ఈ సంగతి తెలియును. అందు కేవలము అలంకారమునకై పెట్టిన వస్తువు కనబడదు. అల్యూమినియముతో పోతపోసిన చక్రములలోనే బ్రేకు డ్రమ్ములు కలిసియుండును. గుర్రపు లాడమువంటి రేడియేటరు, సన్నని ఒడలు, కొసదేరిన తోక, ప్రతి గీతకును ఒక ప్రయోజనము కలదు. ముందరి చక్రములు నడుపువాని కన్నులయెదుటనే తిరుగుచుండును. నేలలోని ప్రతి గతుకును స్టీరింగు అతని అరచేతికి తెలుపును. నేటి కారు తన పనిని మూతక్రింద దాచుకొనును. ఆ కారు దాచుకొనదు. వీణ నేర్చినవానికి మెట్టు మెట్టు తెలిసినట్లు నడుపువానికి దాని ప్రతి శబ్దమును తెలియవలెను. తెలిసిననాడు కలుగు ఆనందము కొనుటకు దొరకునది గాదు.

ఇంగ్లీషు బెంట్లీల సొగసు వేరు. ఫ్రాన్సులోని లెమాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమును 1924లోను, మరల 1927 మొదలు 1930 వరకు వరుసగా నాలుగేండ్లును గెలిచిన కార్లవి. వానిలో జగమెరిగినది మాత్రము సూపర్‌చార్జరు తగిలించిన నాలుగున్నర లీటర్ల 'బ్లోయరు' బెంట్లీ. చిత్రమేమనగా, ఆ కారు లెమాన్స్‌లో ఏనాడును గెలువలేదు. కంపెనీ స్థాపకుడైన డబ్ల్యు. ఓ. బెంట్లీయే ఆ సూపర్‌చార్జరును మెచ్చలేదు. 1930లో పో నగరమున జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెమున సర్ హెన్రీ బిర్కిన్ ఆ బరువైన బండిని రెండవ స్థానమునకు తెచ్చెను; మొదటి స్థానము బుగాటిదే. గెలిచినదానికంటె ఓడినదానికి ఎక్కువమంది అభిమానులుండుట లోకములో క్రొత్త గాదు. కర్ణుని విషయమున తెలుగువారు చేయునదియు అదే.

ఇక చిక్కులు. ఇట్టి కారును ఇంటికి తెచ్చిన మొదటి ఆదివారము సుఖముగా గడచును. రెండవ ఆదివారము మొదలు యజమాని దానికి సేవకుడగును. గేరు మార్చుటకు క్లచ్ రెండుమారులు త్రొక్కి, నడుమ ఇంజను వేగమును చెవితో కొలిచి సరిపెట్టవలెను. తప్పినచో గేర్ల పండ్లు రాచుకొని పెట్టు కేక వీధి చివర వరకు వినబడును. బ్రేకులు తీగలతోను కడ్డీలతోను పనిచేయునవి. మనము ఆపదలచినచోట గాక, కారు ఆగదలచినచోట ఆగును. పైకప్పు లేదు, ఉన్నను లేనట్లే. వైశాఖమాసమున ఆత్మకూరునుండి మహబూబునగరునకు ఇట్టి కారులో పోవుట యనగా పైన సూర్యుడు, కాళ్లవద్ద ఇంజను, నడుమ మనిషి. నేలకు దగ్గరగా వ్రేలాడు ఒడలికి ఊరూరి స్పీడుబ్రేకరును ఒక గండమే. పందెపు ఇంజను పట్టణపు రద్దీలో మెల్లగా నడచుటకు ఒప్పుకొనదు. ప్లగ్గులు మసిబట్టును, రేడియేటరులోని నీరు మరుగును, వెనుకనున్న ఆటోలన్నియు హారను మ్రోగించును.

మరమ్మతు మాట చెప్పనలవి గాదు. బుగాటి 35 క్రాంకుషాఫ్టు రోలరు బేరింగులపై తిరుగును. అవి అరిగినపుడు క్రాంకుషాఫ్టును ముక్కలుగా విప్పి, మరల వెంట్రుకవాసి తేడా లేకుండ కూర్చవలెను. ఆ పని తెలిసినవారు ప్రపంచమున కొద్దిమందియే. టైర్లు నడపకున్నను వయసుచేతనే గట్టిపడి పగులును. పెట్రోలుదొక క్రొత్త బాధ. 2025 నాటికి భారతదేశమంతట పెట్రోలులో నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు కలుపుట మామూలైనది. రైతునకు అది మేలే కావచ్చును. కాని ఆ ఇథనాలు పాతకాలపు రబ్బరు గొట్టములను చెడగొట్టును. కార్బ్యురేటరులోని బెండు ఫ్లోటునకు పూసిన లక్కపూతను కరగించును. బిల్లు చేతికందినపుడు యజమాని ముఖము ఏమి త్రాగినట్లుండునో, ఆముదముతో మొదలైన ఈ ప్రస్తావనలో వేరుగ చెప్పనేల?

వీనికంటె పెద్దది ప్రాణభయము. 1955 జూన్ 11న లెమాన్స్‌లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారొకటి ప్రేక్షకుల మీదికి ఎగిరిపడగా ఎనుబదిమందికి పైగా మరణించిరి. మెగ్నీషియము మిశ్రలోహముతో చేసిన దాని ఒడలు అంటుకొని ప్రచండముగా మండెను. మెర్సిడెస్ సంస్థ ఆ యేటితో పందెములనుండి తప్పుకొని దశాబ్దముల తరబడి దూరముగా నుండెను. అదే 300 ఎస్‌ఎల్‌ఆర్ నుండి తయారైన, పైకప్పుగల రెండే రెండు కార్లలో ఒకటి 2022 మే నెలలో 13.5 కోట్ల యూరోలకు, అనగా సుమారు 1,100 కోట్ల రూపాయలకు, అమ్ముడుపోయెను. అంతకుముందు ఏ కారును వేలములో అంత వెల పలుకలేదు. ఆ కారు ఒక్క పందెమునను పరుగెత్తినది కాదు!

వెల పెరిగినకొలది కారు కదలుట తగ్గును. ఇల్లును పొలమును అమ్మినను సరిపోని వస్తువును గులకరాళ్ల బాటపైకి ఎవరు దింపుదురు? కదలని కారు ఎట్లుండునో చూడగోరువారు హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసునకు పోవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి తెప్పించుకొనదలచిన పసుపువన్నె రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు అచటనున్నది. ఆయన 1911లో మరణించిన తరువాతనే అది హైదరాబాదు చేరినది. వెనుకభాగమున సింహాసనమువంటి ఆసనము కలదు. ఏడవ నిజాము దానిని ఉత్సవములకే వాడుటచే దశాబ్దముల కాలములో అది తిరిగినది కొన్నివందల మైళ్లు మాత్రమే. దానిని తప్పుపట్టనక్కరలేదు. అది సింహాసనముగానే పుట్టినది. కదలకుండుట దానికి గౌరవము. పందెపు కారును అదే తీరున కూర్చుండబెట్టుటయే తగని పని.

విలువగల వస్తువును దాచుటయు వాడుటయు ఒక్కచోట సాధ్యమా యను ప్రశ్నకు ఆత్మకూరులోనే ఒక సమాధానము దొరకును. కవిపండితులను ఆదరించిన అమరచింత సంస్థానమునకు ఈ ఊరే రాజధాని. ముక్కెర వంశీయులైన ఆ సంస్థానాధీశులు కురుమూర్తి స్వామికి సమర్పించిన ఆభరణములు ఏడాది పొడుగున ఆత్మకూరులోని బ్యాంకులో భద్రముగా నుండును. కార్తీకమాసమున జరుగు బ్రహ్మోత్సవములకు వానిని ఊరేగింపుగా కొండకు గొనిపోయి స్వామికి అలంకరింతురు. అదే ఉత్సవమున 'ఉద్దాలు' అనబడు స్వామి పాదుకలు చిన్నవడ్డేమాను గ్రామమునుండి బయలుదేరును. తోలుపని తెలిసినవారు నియమముతో ఉండి వానిని చేతితో తయారు చేయుదురు. ఆభరణములకు తాళము చాలును. పాదుకలకు తాళము చాలదు. వానిని కుట్టు చేయి ఉండవలెను, ఆ చేతినుండి నేర్చిన మరియొక చేయి ఉండవలెను. పాత పందెపు కారును ఆభరణమని తలచినవారే దానికి హాని చేయుచున్నారు. అది పాదుకల జాతికి చెందినది.

ఈ మాటకు ఎదురుమాట లేకపోలేదు. పాడైన భాగమునెల్ల మార్చుచు పోయినచో పాతకారు మిగులునా యని కొందరడుగుదురు. నిజమునకు పందెపు కార్లలో అట్టి శుద్ధి మొదటినుండియు లేదు. ఒక పందెమున గోడకు గ్రుద్దుకొన్న కారునకు మరు వారము వేరొక ఇంజను వచ్చును; ఆ మరు సంవత్సరము ఒడలు మారును. ఒకే ఛాసిస్ సంఖ్య మాదంటే మాదని ఇద్దరు యజమానులు తగవులాడిన సందర్భములును కలవు. దేవుని రథమునకు చక్రము మార్చినంత మాత్రమున వేరు రథమైనదని ఏ ఊరివారును అనుకొనరు. బెంట్లీ కంపెనీ తన వద్దనున్న 1929 నాటి బ్లోయరును విప్పి, దాని భాగములను లేజరుతో కొలిచి, పండ్రెండు క్రొత్త బ్లోయర్లను నిర్మింపనున్నట్లు 2019లో ప్రకటించినపుడు, అవి నకళ్లని ఈసడించినవారు పెక్కురు. నకళ్లే కావచ్చును. కాని వానిని కట్టుటకు తొంబదియేండ్లనాటి పనిని నేటి పనివారు మరల నేర్వవలసివచ్చెను. ఆ నేర్చిన పని ఏ వేలములోను దొరకదు.

భారతదేశపు మోటారు పందెముల చరిత్రలోను చేతిపనియే ముఖ్యము. అందు తెలుగువారి పాలు గూడ కలదు. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల బాటయే షోలవరమున పందెపు బాట యైనది. విదేశపు పందెపు కారు కొందరికే అందు రోజులవి. అందుచే ఫియట్టులను, అంబాసిడర్లను, హెరాల్డులను తెచ్చి, బరువు తగ్గించి, ఇంజనులను సానబట్టి పరుగెత్తించిరి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజను అమర్చి ఏకాసన పందెపు కార్లను ఇచటనే నిర్మించి, సామాన్యులైన యువకులకు గూడ ఈ క్రీడను అందుబాటులోనికి తెచ్చెను. 1995లో ఆయన విమాన ప్రమాదమున మరణించెను. 2003లో ఆరంభమైన కోయంబత్తూరు పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. అదే ఊరినుండి వచ్చిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. ఆనాటి షోలవరపు కార్లే ఈ దేశమునకు చెందిన పాత పందెపు కార్లు. వాని వెల కోట్లు పలుకదు. కనుకనే వానిని గూర్చి పట్టించుకొనువారు తక్కువ. వానిని సిద్ధము చేసిన మెకానిక్కులు తమ విద్యను వెంట తీసికొని ఒక్కొక్కరుగా తప్పుకొనుచున్నారు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెము జరిగినది. ఆ కార్లు చూడముచ్చటగా పరుగెత్తినవి. వానికి పొగ లేదు, నూనె వాసన లేదు. మరి ఏబదియేండ్లకు వానినెవరైన సొంతము చేసికొనగోరినచో, తయారీదారుల సాఫ్ట్‌వేర్ లేనిదే చక్రము తిరుగునా యన్నది సందేహమే. బుగాటిని బాగుచేయుట కష్టమైనను, లేతు యంత్రమును ఓపికయు ఉన్న పనివాడు కూర్చుండి చేయగలిగిన కష్టమది.

2021 జులైలో కేంద్రప్రభుత్వము పాత వాహనముల రిజిస్ట్రేషనునకు ప్రత్యేక నిబంధనలు చేసినది. ఏబదియేండ్లు దాటిన వాహనమునకు 'విఎ' అను అక్షరములతో వేరు సంఖ్య నిత్తురు. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు. నిత్యవ్యవహారమునకు గాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కవచ్చును. ఇంతవరకు మెచ్చదగినదే. కాని ఛాసిసులోను, ఒడలిలోను, ఇంజనులోను మార్పు చేయక మూలరూపమున నుంచిన వాహనములకే ఈ గుర్తింపు. కుటుంబపు కారునకు ఆ నియమము సరిపోవును. పందెపు కారునకు మార్పే చరిత్ర. ఆనాడు చేసిన మార్పును, అది జరిగిన సంవత్సరమును, చేసిన పనివాని పేరును నమోదు చేసి, ఆ రూపమునే మూలరూపముగా అంగీకరించునట్లు నిబంధనను సవరించుట ప్రభుత్వమునకు పెద్ద పని గాదు. షోలవరమున తొలినాళ్లలో పరుగెత్తిన ఫియట్టులకు ఏబదియేండ్లు ఎప్పుడో నిండినవి.