చాపకూడు, రాజ్యం

1095లో క్లెర్మాంట్ సభలో పోప్ రెండవ అర్బన్ యుద్ధాన్నే పుణ్యకార్యంగా ప్రకటించాడు. ఆ తర్వాతి శతాబ్దంలో పల్నాట మతమూ అధికారమూ వేరే దారిలో కలిశాయి. మాచర్ల చెన్నకేశవుని భక్తుడు బ్రహ్మనాయుడు అన్ని కులాలకూ ఒకే పంక్తిన చాపకూడు పెట్టాడనీ, మాల కన్నమదాసుకు సేనానాయకత్వం అప్పగించాడనీ వీరగాథ చెబుతుంది. అది సైన్యాన్ని కూడగట్టే ఎత్తుగడేనని కొందరంటారు. కావచ్చు. కులం గీత చెరపనిదే బలం నిలవదని ఆ ఎత్తుగడే ఒప్పుకుంది కదా! శ్రీనాథుడి పేరిట ఉన్న కావ్యం పల్నాటి యుద్ధానికి రెండు శతాబ్దాలకు పైగా తర్వాతిది, దాన్నెలా నమ్మాలన్న ప్రశ్న ఇంకా బరువైనది. అయితే ఆ యుద్ధం జరిగిన కారెంపూడిలో కార్తికమాసపు వీరారాధన ఆ కావ్యం పుటల మీద ఆధారపడి సాగడం లేదు, కన్నమదాసును జనమే తలచుకుంటున్నారు. బ్రహ్మనాయుడి ప్రత్యర్థి నాయకురాలు నాగమ్మను కుట్రకు కుదించిన తీర్పును మాత్రం ఈ సంచిక అంగీకరించదు. రాజ్యతంత్రం నడిపిన మంత్రిణిగానే ఆమెను చదువుతున్నాం.