చినుకు పడకముందే మిద్దె ఎక్కాలి

చలిదేశాల్లో శీతాకాలం వస్తోందంటే కప్పు మీద మంచు ఎంత పేరుకుంటుందోనని లెక్కలు వేసుకుంటారు. వేలూరు, గుడియాత్తం వాసులకు చలికాలమంటే ముసురు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటి వెంటే బంగాళాఖాతంలో వాయుగుండాలు. దీపావళి బేరాల కోసం అంగడి నిండా సరుకు దించే రోజులూ ఇంచుమించు అవే. కింద సరుకును బేలు బేలుగా లెక్క చూసుకునే ఆసామిని 'పైన మిద్దె ఎక్కి చూసి ఎన్నాళ్లయింది?' అని అడిగితే మాత్రం చప్పున జవాబు రాదు.

ఈ అశ్రద్ధకు ఎంత మూల్యం చెల్లించాలో ఈ ప్రాంతానికి తెలియంది కాదు. 2021 నవంబరు వానలకు పాలారు ఉప్పొంగింది. మోర్ధానా జలాశయం నిండి పొర్లడంతో గుడియాత్తంలో కౌండిన్య నది ఒడ్డు జనం కట్టుబట్టలతో బయటపడ్డారు. అదే నెల 19న తెల్లవారుజామున పేర్ణంబట్టులో వానలకు ఒక ఇల్లు కూలి 9 మంది చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. కూలింది ఇల్లే కావచ్చు. నానిన గోడకు ఇల్లు, అంగడి అనే తేడా ఏముంటుంది?

వేలూరులో సీఎంసీ ఆస్పత్రి చుట్టూ ఉన్న లాడ్జీల్లో చిత్తూరు మొదలుకొని ఆంధ్ర జిల్లాల రోగులు, వారి బంధువులు రోజుల తరబడి బస చేస్తారు. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు. తడిసిన నూలూ, చెమ్మ తగిలిన అగ్గిపుల్లా రెండూ చెత్తకుప్పకే. అంటే మిద్దె కారితే పోయేది సున్నం పెచ్చులు మాత్రమే కాదు. రోగి మంచం, నేతగాడి కూలి, చిల్లర వర్తకుడి పెట్టుబడి అన్నీ ఆ కప్పు కిందే ఉన్నాయి.

అసలు ముప్పు కారడం కంటే బరువులో ఉంది. చదరపు మీటరు జాగాలో 10 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే 100 కిలోలు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అది 9 టన్నులు దాటుతుంది. మనుషులు ఎక్కే మిద్దెకు కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలు. తూముకు ఆకులు, ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడితే చాలు, ఒక్క రాత్రి వానకే ఆ లెక్కలో ఎక్కువ భాగం నీళ్లే తినేస్తాయి. దానికి తోడు వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక టన్ను. కారిన ప్రతిసారీ పాతపూత తియ్యకుండా దానిమీదే 5 సెంటీమీటర్ల కాంక్రీటు పరిస్తే మీటరుకు ఇంకో 100 కిలోలు పైచిలుకు. మరమ్మతు పేరుతో మిద్దెను మోయలేని బరువుకు తెచ్చేది ఈ అలవాటే.

పాత బజార్లలో ఇప్పటికీ మద్రాసు మిద్దెలున్నాయి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుకజల్లి, సున్నం కలిపి, కరక్కాయ, బెల్లం నీళ్లు పోస్తూ దిమ్మిస కొట్టి చేసిన పని అది. సున్నం చెమ్మను పీల్చినా ఎండకు వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూసి మూసేస్తే లోపలికి దిగిన నీరు బయటికి రాలేక గోడలోకి దూరిన దూలం కొసలను కుళ్లబెడుతుంది. పైకి కనిపించదు, కనిపించే నాటికి చెయ్యడానికేమీ ఉండదు. ఇట్లాంటి కప్పుకు సున్నం పని తెలిసిన మేస్త్రీనే పిలవాలి.

పని పెద్దదేం కాదు, వేళకు జరగాలి. సెప్టెంబరులో ఎండ కాసిన నాలుగు రోజులు చూసి మిద్దె ఊడ్పించాలి. పాత సామాను, విరిగిన బోర్డులు దించేయాలి. రావి మొక్కను పైపైన విరిస్తే మళ్లీ మొలుస్తుంది, వేరుతో సహా తవ్వి ఆ సందు పూడ్చాలి. నాలుగు బిందెల నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో, తూము దాకా ఎట్లా పోతున్నాయో చూడాలి. పగుళ్లను విప్పి, దుమ్ము దులిపి పూడ్చాలి. చెమ్మ ఆరని మిద్దెకు వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే పొరలు పొరలుగా లేచిపోతుంది. కింద శ్లాబు పెచ్చులూడి తుప్పు కడ్డీలు కనిపిస్తే పైన పూత పూసి లాభం లేదు, ఇంజినీరుకు చూపించాల్సిందే. రేకుల షెడ్లలో బోల్టులు, వాషర్లు మార్చాలి. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టి పడిపోయేది కూలివాడే. పలక వేయకుండా అతన్ని ఎక్కించడం నేరం.

ఖర్చు దగ్గరే పేచీ. 'మిద్దె మీది, మీరే చేయించండి' అని బాడుగదారు, 'కారేది మీ అంగట్లోనే గదా, మీరే చూసుకోండి' అని యజమాని. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే కట్టడం మరమ్మతు యజమాని పూచీ. కాలువ శుభ్రం చేయించుకోవడం వంటివి బాడుగదారు పూచీ. నోటిమాట ఒప్పందాలతో నడిచే అంగళ్లలో ఈ సంగతి కాగితం మీద పెట్టుకుంటే సగం తగాదా తీరుతుంది.

పురపాలక అధికారులూ నోటీసులను ప్రమాదం జరిగిన మర్నాటికి దాచుకోకూడదు. శిథిల భవనాల జాబితా వానకు ముందే బయటపెట్టాలి. రాష్ట్రంలో 2003లోనే ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. మిద్దె గొట్టం ఆ గుంతలోకి దిగుతోందా, మట్టితో పూడిపోయిందా అన్నదీ అప్పుడే చూడొచ్చు. వర్తక సంఘాలు వీధికో రోజు పెట్టుకుని అందరి మిద్దెలూ ఒకేసారి శుభ్రం చేయిస్తే కూలి ఖర్చూ కలిసొస్తుంది.

లక్షల సరుకుకు ఇనుప షట్టరు, రెండు తాళాలు వేసే ఆసామి, నెత్తిమీది కప్పును దేవుడి మీద వదిలేయడం తెలివైన వ్యాపారం కాదు. వాన ఎట్లాగూ వస్తుంది, అంతకంటే ముందు మనం మిద్దె ఎక్కాలి.