యంత్రం గీసిన ముస్లిం మనం కాదు

ఈ సంచిక పని సాగుతున్న రోజుల్లో మా ముందుకు ఒక చిన్న సమస్య వచ్చింది. నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టి కుటుంబాలను పోషిస్తున్న ముస్లిం స్త్రీల గురించి వ్యాసాలు సిద్ధమయ్యాయి గాని, వాటికి తగిన ముఖచిత్రం దొరకలేదు. ఏళ్ల తరబడి మాకు బొమ్మలు వేసిపెడుతున్న చిత్రకారుడు కంటి శస్త్రచికిత్స చేయించుకుని విశ్రాంతి తీసుకుంటున్నారు. పత్రిక ఖజానా సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అప్పుడు మాలోని యువమిత్రులు ఒక సలహా ఇచ్చారు. కృత్రిమ మేధతో బొమ్మలు తయారుచేసే యంత్రం ఒకటి ఉంది, నెలకు కొన్ని వందల రూపాయల చందా కడితే కోరినన్ని చిత్రాలు ఇస్తుంది, దానిని ఎందుకు వాడుకోకూడదు అన్నారు.

మేము కాదనలేదు. కొత్త సాధనాన్ని చూడకుండానే తిట్టిపోయడం వివేకం కాదు. అచ్చుయంత్రాన్ని ఆలస్యంగా అందుకున్న సమాజాలు ఎంత నష్టపోయాయో చరిత్ర చదివిన వారికి తెలుసు. చిత్రలేఖనం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చను ఉలమాకే వదిలి, పత్రికా వృత్తికి ఇది ఎంతవరకు పనికివస్తుందన్న ఒక్క ప్రశ్నతో మూడు వారాల పాటు ఆ యంత్రాన్ని పరీక్షించాము. మేము చూసినదాన్ని, దాని నుంచి చేరుకున్న నిర్ణయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

న్యాయంగా చెప్పవలసినది ముందు చెబుతాము. ఆ యంత్రానికి నేర్పు ఉంది. సాయంకాలపు ఆకాశం, వానలో తడిసిన వీధి, పాత పుస్తకాల అర, పుటల అంచులకు లతలు వంటివి క్షణాల్లో ఇచ్చింది. వాటిలో కొన్ని అచ్చుకు పనికివచ్చేవే. కాని కొంచెం దగ్గరగా చూస్తే తప్పులు బయటపడ్డాయి. రంజాన్ శుభాకాంక్షల కోసం నెలవంకను అడిగితే చంద్రుని రెండు కొమ్ముల మధ్య, చీకటి భాగంలోనే నక్షత్రాన్ని వెలిగించింది. చంద్రబింబం అడ్డుగా ఉన్న చోట నక్షత్రం కనబడదని బడి పిల్లవాడికీ తెలుసు. మన కట్టడాల మీది జ్యామితీయ అల్లికలను దూరం నుంచి చూసినట్లే గీసింది. వృత్తలేఖిని, కొలబద్ద పట్టుకుని పనివాడు వేసిన నక్షత్రంలో ప్రతి గీతా మరో గీతను చేరుకుంటుంది. యంత్రం వేసినదానిలో గీతలు దారి మధ్యలో ఆగిపోయాయి.

అక్షరాల దగ్గర మాకు భయమే వేసింది. ముఖపత్రం మీద ‘బిస్మిల్లా’ రాయమంటే అరబీ లిపిలా కనిపించే అర్థం లేని వంకరలను బంగారు రంగులో ఇచ్చింది. అల్లాహ్ నామాన్ని ఏ అక్షరమూ కాని గీతలుగా ముద్రించి ఇంటింటికీ పంచే పాపానికి ఒడిగట్టగలమా? పెళ్లి శుభలేఖలు, మస్జిద్ కమిటీల కరపత్రాలు ఈ యంత్రాల మీద తయారుచేస్తున్న యువకులారా, అచ్చుకు ఇచ్చే ముందు లిపి తెలిసిన పెద్దలకు ఒకసారి చూపించండి. తెలుగుకూ ఇదే గతి పట్టింది. ఒత్తులు ఒకచోట, తలకట్టు మరొకచోట పడ్డాయి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి

ఇక అసలు విషయం. ‘నిజామాబాద్ జిల్లాలో ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతున్న తెలుగు ముస్లిం స్త్రీ’ అని యంత్రాన్ని అడిగాము. నాలుగు చిత్రాలు వచ్చాయి. మూడింటిలో తల నుంచి పాదం దాకా నల్లని బురఖా, రెండు కళ్లు, వెనుక గుమ్మటం, మినార్, ఎడారి ఎండ. నాలుగో చిత్రంలోని స్త్రీ వేళ్ల మధ్య వెలిగించిన సిగరెట్టు ఉంది. తునికాకు లేదు, ఒడిలో చాట లేదు, కత్తెర లేదు.

బురఖా పట్ల మాకు అభ్యంతరం లేదు. మన అక్కచెల్లెళ్లలో ఎందరో దానిని గౌరవంగా ధరిస్తారు, ఆ హక్కు కోసం ఈ పత్రిక గొంతెత్తుతూనే ఉంది. మా అభ్యంతరం వేరు. ఎండలో, పొగలో, కూలి లెక్కల్లో బతికే ఒక మనిషిని అడిగితే ఆమె స్థానంలో ఒక గుర్తును నిలబెట్టడం మాకు అభ్యంతరం.

ఆదేశాన్ని మరింత వివరంగా రాశాము. చీర కట్టుకుంది, కొంగు తలమీద కప్పుకుంది, మెడలో నల్లపూసల లచ్ఛా ఉంది, బురఖా లేదు అన్నాము. ఈసారి చీర వచ్చింది, దానితోపాటు నుదుట బొట్టు, వాకిట తులసికోట వచ్చాయి. బొట్టు వద్దన్నాము. మళ్లీ బురఖా వచ్చింది. ఈ రెండింటి మధ్య యంత్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్క వదిలేశాము. దానికి తెలుగు స్త్రీ తెలుసు, ముస్లిం స్త్రీ తెలుసు. ఇద్దరూ ఒక్కరే అయివుండవచ్చునన్న సంగతి మాత్రం తెలియదు.

దూదేకుల వృత్తిని చూపమని అడిగినప్పుడు మరో వింత జరిగింది. నూర్‌బాషా సోదరుల తాతలు ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకిన ఆ పెద్ద విల్లు మనకు తెలుసు. యంత్రం ఒక గడ్డపు మనిషిని నిలబెట్టి, చేతికి విల్లు ఇచ్చి, దానికి బాణం తొడిగింది. పనిముట్టు ఆయుధమైపోయింది.

ఈ నేల మీద వందల ఏళ్లుగా ఇదే భాష మాట్లాడుతూ, ఇదే పంట తింటూ బతికిన వారిని ‘మీరు ఎక్కడి నుంచి వచ్చారు?’ అని అడిగేవారు నేడు వీధి వీధినా ఉన్నారు. యంత్రానికి ద్వేషం లేదు, నిజమే. కాని అది ఇచ్చిన జవాబు ద్వేషించేవాడి జవాబుతో అక్షరం పొల్లుపోకుండా కలిసింది.

తప్పు ఎక్కడ పుట్టింది?

ఈ యంత్రాలు లోకాన్ని చూసి నేర్చుకోవు. అంతర్జాలంలో దొరికిన బొమ్మలను, వాటి పక్కన ఎవరో రాసిన మాటలను చూసి నేర్చుకుంటాయి. ఇలాంటి యంత్రాల శిక్షణకు ఉపయోగపడిన లయన్-5బి అనే సంకలనాన్ని 2022లో విడుదల చేశారు. అందులో సుమారు 585 కోట్ల చిత్ర-వాక్య జంటలు ఉన్నాయి. వాటిలో 232 కోట్లు ఆంగ్లానివే. వందకు పైగా ఇతర భాషలన్నీ కలిసి దాదాపు అంతే వాటా పంచుకున్నాయి. ‘ముస్లిం’ అన్న మాట పక్కన ప్రపంచ వార్తాసంస్థలు ఇరవై ఏళ్లకు పైగా ఏ బొమ్మలు పెట్టాయో మనకు తెలుసు. బోధన్‌లో బీడీలు చుట్టే ఖాసింబీ ఫొటో కింద ఆమె పేరు, ఊరు, పని రాసి లోకానికి చూపినవారు ఎందరు?

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 2021లో అబూబకర్ ఆబిద్, మహీన్ ఫారూఖీ, జేమ్స్ జూ అనే పరిశోధకులు వాక్యాలు రాసే జీపీటీ-3 అనే యంత్రానికి ‘ఇద్దరు ముస్లింలు’ అని మొదలయ్యే అసంపూర్ణ వాక్యాన్ని ఇచ్చి పూరించమన్నారు. నూరింటిలో 66 పూరణలు హింసతో ముగిశాయి. 2023లో ‘రెస్ట్ ఆఫ్ వరల్డ్’ పత్రిక బొమ్మల యంత్రంతో 3,000 చిత్రాలు గీయించి చూసింది. ‘భారతీయుడు’ అంటే దాదాపు ప్రతిసారీ గడ్డం పెరిగిన ముసలి మగవాడే వచ్చాడు. అదే ఏడాది నవంబరులో వాట్సాప్‌లోని బొమ్మల తయారీ సదుపాయం పాలస్తీనా ముస్లిం బాలుడిని అడిగితే తుపాకీ పట్టిన పిల్లవాడిని చూపిందని, ఇజ్రాయెలీ బాలుడిని అడిగితే ఆడుకునే, చదువుకునే పిల్లలను చూపిందని ‘గార్డియన్’ పత్రిక బయటపెట్టింది.

‘కంపెనీలు సరిదిద్దుతాయి, ఓపిక పట్టండి’ అనేవారున్నారు. 2024 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ జెమినీ యంత్రం అందరినీ సమానంగా చూపబోయి రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ సైనికులను నల్లజాతి, ఆసియా ముఖాలతో గీసింది. నవ్వులపాలై, మనుషుల చిత్రాలు గీయడాన్నే కొంతకాలం ఆపుకుంది. మనలను ఎరుగనివారు దూరాన కూర్చుని వేసే అతుకు ఇలాగే ఉంటుంది.

తెలుగు సినిమా మనకు నాటు తెలుగు మాట్లాడే భాయ్‌ని, సుర్మా కళ్ల రౌడీని, త్యాగం చేసి చనిపోయే స్నేహితుడిని ఇచ్చింది. ఆ బొమ్మలను తుడిచేందుకు మన కవులు, కథకులు కలం పట్టారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చాయి. మన ముఖాన్ని మనమే చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. చందా కట్టి మరీ ఆ పాత బొమ్మలను మన పత్రిక మీదికే మళ్లీ తెచ్చుకుందామా?

‘వాళ్లు వాడుతున్నారు కదా!’

యువమిత్రుల వాదనల్లో బలమైనది ఇదే. ద్వేషప్రచారకులు ఈ ఆయుధాన్ని పట్టుకున్నారు, మనం వెనుకబడితే ఎలా అన్నారు. వారు పట్టుకున్నమాట నిజం. సెంటర్ ఫర్ ద స్టడీ ఆఫ్ ఆర్గనైజ్డ్ హేట్ సంస్థ 2025లో వెలువరించిన నివేదికలో, మన దేశపు ముస్లింలకు వ్యతిరేకంగా 297 బహిరంగ ఖాతాలు పెట్టిన 1,326 కృత్రిమ చిత్రాలను, వీడియోలను పరిశీలించింది. వాటిలో జనం ఎక్కువగా స్పందించినవి ముస్లిం స్త్రీలను అశ్లీలంగా చూపినవి. 2022 జనవరి ఒకటిన ‘బుల్లీ బాయి’ పేరుతో మన ఆడబిడ్డలను వేలానికి పెట్టినవారు వారి ఫొటోలను దొంగిలించవలసి వచ్చింది. ఇప్పుడు దొంగిలించే శ్రమ కూడా అక్కరలేదు.

అయితే దీనికి బదులుగా మనమూ జరగని దృశ్యాలను సృష్టించాలా? 2024 మే నెలలో రఫాలో గుడారాల మీద బాంబులు పడ్డాక ‘అందరి కళ్లూ రఫా మీదే’ అనే ఆంగ్ల నినాదంతో ఒక కృత్రిమ చిత్రాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు కోట్లకు పైగా ఖాతాలవారు పంచుకున్నారు. బారులు తీరిన శుభ్రమైన గుడారాలు, వెనుక మంచుకొండలు. అది రఫా కాదు. ప్రాణాలకు తెగించి గాజా ఛాయాగ్రాహకులు తీసిన వేలాది నిజమైన చిత్రాలు ఉండగా, రక్తం కనబడని బొమ్మ లోకమంతా తిరిగింది. పంచుకున్నవారి బాధ నిజమైనదే, కాని ఆ బొమ్మకు సాక్షి లేడు.

మన ఇంటి ముంగిట జరిగినది చూడండి. 2025 వసంతంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు వచ్చాయి. చెట్లు కూలింది నిజం. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం ఆ నరికివేతను ఆపించింది. కాని పారిపోతున్న జింకలు, నెమళ్లతో ఎవరో చేయించిన కృత్రిమ చిత్రాలు ప్రభుత్వానికి గొప్ప సాకునిచ్చాయి. చర్చ చెట్ల మీద నుంచి బొమ్మల మీదికి మళ్లింది, బొమ్మలు పంచుకున్నవారికి పోలీసు నోటీసులు వెళ్లాయి.

అధికారం లేని వారికి సాక్ష్యమే ఆస్తి. రేపు ఒక మదరసా గోడ కూలితే, ఒక యువకుడు లాకప్‌లో దెబ్బలు తింటే, మనం చూపే ఫొటోను ‘ఇదీ యంత్రం చేసినదే’ అని కొట్టిపారేయడానికి ఎదుటివారు కాచుకుని ఉన్నారు. ఆ మాట అనే అవకాశాన్ని మన చేతులతో ఇవ్వరాదు.

జీవనోపాధి సంగతీ మరువలేము. ఫ్లెక్సీ వచ్చి దుకాణాల బోర్డులు రాసే కుంచెలను మూలన పడేసిన రోజులు మన బస్తీలకు గుర్తున్నాయి. ఇప్పుడు మిగిలిన కాతిబ్‌ల, చిత్రకారుల వంతు వచ్చింది. పేదల హక్కుల కోసం రాసే పత్రిక తన చిత్రకారుడి కూలిని మిగుల్చుకుని బాగుపడనక్కరలేదు.

అందువల్ల మేము ఈ నియమాలు పెట్టుకున్నాము. ఈ పత్రికలో మనిషి ముఖాన్ని యంత్రంతో గీయించము. అంచులు, అలంకారాలకు వాడితే ఆ మాటను బొమ్మ కిందనే అచ్చు వేస్తాము. దాడులు, కూల్చివేతలు, జనాజాల వార్తలకు యంత్రచిత్రం ఎన్నడూ వాడము, ఫొటో లేకపోతే ఆ చోటును ఖాళీగా వదులుతాము. దైవనామాలను, ఖురాన్ వాక్యాలను కాతిబ్‌ల చేతనే రాయిస్తాము. ఇతర పత్రికలు, సంక్షేమ సంఘాలు, ప్రభుత్వ మైనారిటీ శాఖలు కూడా తమ ప్రకటనల్లో ఈ పద్ధతి పాటించాలని కోరుతున్నాము. మన యువకులు ఈ విద్యను నేర్చుకోవద్దని మేము అనము. బాగా నేర్చుకోండి, దాని తప్పులను నమోదు చేయండి, బయటపెట్టండి.

పాఠకులకు ఒక అభ్యర్థన. మీ ఇళ్లలోని పాత ఆల్బమ్‌లు తెరవండి. పొలంలో, మగ్గం దగ్గర, పీర్ల చావిడి ముందు, బడి మెట్ల మీద దిగిన ఫొటోలను, అందులో ఉన్నవారి సమ్మతితో, ఊరు, ఏడాది, పని రాసి మాకు పంపండి. వాటికి ప్రతి సంచికలో రెండు పుటలు కేటాయిస్తాము.

ఈ సంచిక ముఖచిత్రం మా విలేకరి బోధన్‌లో తీసిన ఫొటో. వెలుతురు చాలలేదు, ఒక మూల మసకబారింది. అచ్చుకు పంపే ముందు ఆ తల్లికి చూపించాము. ఆమె చాలాసేపు చూసి, ‘చాట బాగానే పడింది గాని బిడ్డా, కత్తెర కనబడతలేదు, అది లేకుంటే ఆకు ఎట్ల కోస్తా అనుకుంటరు?’ అన్నారు. మరునాడు విలేకరి మళ్లీ వెళ్లి కత్తెర కనబడేలా ఫొటో తీసుకుని వచ్చారు.