కొరియా చూడబోతున్న తల్లిదండ్రులకు



ఈ నెల అందిన ఉత్తరాలలో ఒకటి గుంటూరు జిల్లాలోని ఒక పల్లె సంఘము నుండి వచ్చింది. వ్రాసిన సహోదరి భర్త రైతు. కుమారుడు దక్షిణ కొరియాలోని దేజాన్ పట్టణములో చదువుకుంటున్నాడు. "ఒక్కసారి వచ్చి చూసి వెళ్లండి" అని పిలుస్తున్నాడట. మిరప పంట మీద మిగిలిన డబ్బు కొంత దాచారు. పిల్లవాడు చూపిస్తానన్న చోట్లలో రాజభవనాలు ఉన్నాయి, పాత బౌద్ధాలయాలూ ఉన్నాయి. ఈ మాట విని సంఘములో ఒక పెద్ద, అటువంటి గుళ్లలో అడుగుపెట్టి వచ్చినవారికి ప్రభువు బల్లలో పాలు ఇవ్వకూడదన్నారట. ఆ తల్లి రెండు సంగతులు అడిగారు. ఇది పాపమా? తక్కువ ఖర్చుతో ఎలా తిరగాలి?

అమ్మా, మొదటి ప్రశ్నే బరువైనది, దానితోనే మొదలుపెడతాను. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు పట్టణమంతా తిరిగి వారి దేవతా స్థలాలు చూశాడు, బలిపీఠము మీది వ్రాత చదివాడు, ఆ వ్రాతనే ప్రసంగానికి ఆధారము చేసుకున్నాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము మీరూ, మీ సంఘపెద్దా కలిసి చదవండి. చూడడము వేరు, మ్రొక్కడము వేరు. ఈ తేడాను కొరియా విశ్వాసులు ప్రాణాలిచ్చి నేర్చుకున్నారు. జపాను ఏలుబడిలో అక్కడి క్రైస్తవులందరూ జపాను షింటో గుడికి వెళ్లి వంగి నమస్కరించాలని ప్రభుత్వము పట్టుబట్టింది. అది మతక్రియ కాదు, దేశభక్తి మాత్రమే అని నచ్చజెప్పింది. 1938లో ప్రెస్బిటేరియన్ మహాసభ పోలీసుల ఒత్తిడికి లొంగి దానిని ఒప్పుకొంది. ప్యోంగ్‌యాంగ్‌లోని జు కిచొల్ అనే కాపరి ఒప్పుకోలేదు. మళ్లీ మళ్లీ చెరలో వేశారు. 1944లో చెరసాలలోనే ప్రాణము విడిచాడు. ఆయన్ను ఎవరూ గుడిని చూడమని అడగలేదు, తల వంచమని అడిగారు.

సియోల్ నగరము మధ్యలో నామ్‌సాన్ అనే కొండ ఉంది. జపానువారు 1925లో అక్కడ కట్టించిన పెద్ద గుడిని 1945లో స్వాతంత్ర్యము రాగానే తొలగించారు. ఇప్పుడు అక్కడ ఉద్యానవనము ఉంది. రుసుము లేదు. మీవాడు కొండమీది టవర్ చూపిస్తానంటాడు గాని, టవర్ కంటే ఈ స్థలము దగ్గర కాసేపు నిలబడడమే మేలని నా అభిప్రాయము.

బౌద్ధాలయాలలో మిమ్మల్ని ఎవరూ మ్రొక్కమని బలవంతపెట్టరు. ఆవరణలో తిరిగి, రాతి గోపురాలూ చెక్కపనీ చూసి రావచ్చు. అక్కడివారు ప్రార్థనలో ఉంటే నెమ్మదిగా పక్కకు తప్పుకోండి. అయితే ఒక్కటి వద్దంటాను. "టెంపుల్ స్టే" పేరుతో గుళ్లలోనే బస చేసే ఏర్పాటు 2002 నుండి నడుస్తోంది. అందులో వేకువనే వారి ఆరాధనకు కూర్చోవడము, సాష్టాంగపడడము సాధారణముగా ఉంటాయి. పిల్లవాడు సరదాపడినా అది మన పని కాదు.

ఇంత చెప్పినా మీ పెద్దగారి మనస్సాక్షిని చులకన చేయవద్దు. రోమా పత్రిక 14వ అధ్యాయము ఆయనకూ మీకూ కలిపి వ్రాసినదే. బయలుదేరక ముందే కాపరిగారి సమక్షములో మాట్లాడుకోండి. తిరిగి వచ్చాక మాట్లాడితే గొడవ అవుతుంది.

ఇక డబ్బు సంగతి. వెయ్యి వోన్‌లు అంటే మన డబ్బులో సుమారు అరవై రూపాయలు. ఖర్చులో పెద్ద భాగము విమానానికే పోతుంది. వీసా చేతికి రాకముందు, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని టిక్కెట్టు కొనకండి. దీనికోసము బంగారము తాకట్టు పెట్టకండి, పొలము మీద అప్పు తేకండి. చాలకపోతే మరో పంట వరకు ఆగండి. కొరియా ఎక్కడికీ పోదు. ఏప్రిల్‌లోగాని అక్టోబరులోగాని వెళ్లండి. జూలైలో వానలు, జనవరిలో మన ఒళ్లు ఎరుగని చలి. చుసాక్ అనే వారి పంట పండుగ సెప్టెంబరులోగాని అక్టోబరులోగాని వస్తుంది. ఆ రోజులలో దేశమంతా సొంత ఊళ్లకు పోతుంది గనుక బస్సులో చోటు దొరకదు.

మీవాడి వసతిగృహములో తల్లిదండ్రులను ఉండనిస్తారో లేదో ముందే కనుక్కోమనండి. చిన్న అతిథిగృహాలు చవక. "జింజిల్‌బాంగ్" అనే స్నానశాలలలో రాత్రి పడుకుంటే ఇంకా చవక. కాని అక్కడ ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు బట్టలు లేకుండానే స్నానము చేస్తారు. మన పల్లెవారికి అది కుదిరే పని కాదు! టీ-మనీ అనే కార్డు ఒకటి తీసుకుంటే నగరపు రైళ్లకూ ఊరి బస్సులకూ సరిపోతుంది. భోజనానికి అన్నము దొరుకుతుంది, మెత్తగా అంటుకుంటుంది. చిన్న చిన్న కూరలు అడిగితే మళ్లీ వడ్డిస్తారు, దానికి వేరే డబ్బు లేదు. కారప్పొడి పట్టుకెళ్లండి. పచ్చి పండ్లు, మాంసము మాత్రము పెట్టెలో పెట్టవద్దు, విమానాశ్రయములో తీసేసుకుంటారు.

సియోల్‌లో గ్యోంగ్‌బొక్ రాజభవనానికి చాలా ఏళ్లుగా రుసుము 3,000 వోన్‌లే. మంగళవారము సెలవు. వారి సంప్రదాయ దుస్తులు వేసుకుంటే ప్రవేశము ఉచితమని చెబుతారు. నిజమే, కాని ఆ దుస్తుల అద్దె టిక్కెట్టుకు ఎన్నో రెట్లు. దగ్గరలోనే టాప్‌గోల్ ఉద్యానవనములో పదిహేనవ శతాబ్దపు పది అంతస్తుల రాతి బౌద్ధ గోపురము ఉంది. 1919 మార్చి 1న స్వాతంత్ర్య ప్రకటన బహిరంగముగా చదివింది ఆ ఆవరణలోనే. దానిమీద సంతకము చేసిన 33 మందిలో 16 మంది క్రైస్తవులు, 15 మంది చొందో మతస్థులు, ఇద్దరు బౌద్ధులు. ఎవరి విశ్వాసము వారు విడువలేదు, సంతకము మాత్రము ఒకే కాగితము మీద చేశారు. మీ పెద్దగారికి ఈ సంగతి కూడా చెప్పండి.

హప్‌జాంగ్ స్టేషన్ దగ్గర యాంగ్‌హ్వాజిన్ అనే మిషనరీల సమాధుల తోట ఉంది. అండర్‌వుడ్, అపెంజెల్లర్ 1885 ఏప్రిల్ 5న, పునరుత్థాన పండుగనాడు, ఇంచియోన్ రేవులో దిగారు. అపెంజెల్లర్ 1902లో ఓడ ప్రమాదములో మునిగిపోయాడు. యాంగ్‌హ్వాజిన్‌లో ఆయన పేర రాయి ఉంది గాని, దాని క్రింద దేహము లేదు. ఆదివారము ఆరాధనకు, అండర్‌వుడ్ 1887లో ప్రారంభించిన సేమునాన్ సంఘముంది, 1897లో కట్టిన ఎర్ర ఇటుకల చొంగ్‌దోంగ్ మెథడిస్టు మందిరముంది. వేకువ ప్రార్థనలు అక్కడ చాలా సంఘాలలో ప్రతిదినమూ జరుగుతాయి. భాష రాకపోయినా వెళ్లి కూర్చోండి.

గ్యోంగ్‌జు పట్టణానికి రెండు రోజులు ఉంచుకోండి. వేగపు రైలులో సియోల్ నుండి సుమారు రెండు గంటలు, దూరపు బస్సులో దాదాపు నాలుగు గంటలు, ఛార్జీ తక్కువ. బస్సే ఎక్కండి. ఇది సిల్లా రాజుల రాజధాని. ఊరి మధ్యలో చిన్న కొండల్లా కనిపించేవి వారి సమాధులే. బుల్‌గుక్‌సా, సొక్కురామ్ అనే ఎనిమిదవ శతాబ్దపు బౌద్ధ క్షేత్రాలు 1995లో యునెస్కో పట్టికలోకి ఎక్కాయి. 2023 మే నెల నుండి ఈ పెద్ద గుళ్లలో చాలావాటికి ప్రవేశ రుసుము తీసివేశారు. పాత పుస్తకాలలోని ధరలు నమ్మకండి.

దేగు నుండి బస్సులో సుమారు గంటన్నర వెళితే కొండలలో హేయిన్‌సా. మంగోలుల దండయాత్ర కాలములో, 1236 నుండి 1251 వరకు, వారి గ్రంథాలన్నిటినీ 81,000 పైచిలుకు చెక్కపలకల మీద తిరగేసిన అక్షరాలతో చెక్కారు. వాటిని దాచిన గదులకు కిటికీలు ఒక వరుస పెద్దవి, ఒక వరుస చిన్నవి, గాలి లోపల తిరిగి బయటికి పోయేలా. నేలలో బొగ్గు, ఉప్పు, సున్నము కలిపారు. ఇన్ని శతాబ్దాలైనా పలకలకు చెద పట్టలేదు, బూజు పట్టలేదు. 1951 యుద్ధములో అక్కడ బాంబు వేయమని ఆజ్ఞ వస్తే కిమ్ యంగ్‌హ్వాన్ అనే విమాన దళపతి వేయించలేదు. పరిశుద్ధ గ్రంథాన్ని చాపమీద పడవేసే మన పిల్లలను ఆ గదుల ముందు నిలబెట్టాలనిపిస్తుంది.

చివరి రోజు సువాన్ వెళ్లండి, సియోల్ నగరపు రైలే అంతవరకు పోతుంది. 1796లో పూర్తయిన కోటగోడ దాదాపు ఆరు కిలోమీటర్లు. మోకాళ్లు నొప్పులైతే కొంత నడిచి దిగిపోండి, బలము దాచుకోండి. అక్కడికి దక్షిణముగా జెయామ్‌రి అనే పల్లె ఉంది. 1919 ఏప్రిల్ 15న, అంటే మన జలియన్‌వాలాబాగ్ జరిగిన రెండు రోజులకే, జపాను సైనికులు ఊరి మగవారిని మెథడిస్టు మందిరములోకి పిలిచి, తలుపులు మూసి, కాల్చి, మందిరానికి నిప్పు పెట్టారు. అక్కడ 23 మంది చనిపోయారు. స్కోఫీల్డ్ అనే కెనడా మిషనరీ పశువైద్యుడు వెళ్లి ఛాయాచిత్రాలు తీసి లోకానికి చూపాడు. ఇప్పుడు అక్కడ సమాధి, స్మారక భవనము, మందిరము ఉన్నాయి. ఊరి బస్సులు తరచుగా ఉండవు. తిరుగు బస్సు వేళ దిగగానే కనుక్కోండి, ఊరి పేరు కొరియా లిపిలో మీవాడి చేత కాగితము మీద వ్రాయించి మీ సంచిలో పెట్టుకోండి.