కంపెనీ మారిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందా?

మొన్న పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు క్యాంటీనులో ఓ ఎకనామిక్స్ కుర్రాడు నన్ను నిలదీశాడు. "సార్, సిమ్ కార్డు కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చకుండానే కంపెనీ మార్చేస్తున్నాం. కరెంటుకు మాత్రం ఆ హక్కు ఎందుకు లేదు? ఒకడే అమ్మేవాడు, చచ్చినట్టు కొనాల్సిందే. ఇదేం న్యాయం?" అన్నాడు. చుట్టూ వున్న నలుగురూ చప్పట్లు కొట్టారు. టీ చల్లారిపోయింది గాని నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ సంచికకు ఏదైనా రాయమన్నారు కనుక ఆ జవాబేదో ఇక్కడే చెబుతాను.

ముందుగా ఒక మాట. కుర్రాడి కోరికలో తప్పు లేదు. అతనొక్కడి కోరికా కాదది. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు సారాంశం అదే: వున్న తీగల మీదనే ఒకరికి మించి కంపెనీలు కరెంటు అమ్ముకోవచ్చునని. విద్యుత్ ఉద్యోగులు ఆందోళన చేశారు, బిల్లు స్థాయీ సంఘానికి వెళ్ళింది, 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. 2025 అక్టోబరులో అదే ఆలోచనతో మరో ముసాయిదా విడుదల చేశారు. అంచేత ఇది తీరుబడిగా చెప్పుకునే కబురు కాదు; ఇవాళ కాకపోతే రేపు మన గడపలోకి వచ్చేదే.

అయితే ఇది మన దేశంలో ఎక్కడా జరగనిది కాదు. బొంబాయిలో జరిగింది. నేను ఉద్యోగరీత్యా ఆ మహానగరం శివారులో కాపురం పెట్టినది 2010లో. అప్పటికి అక్కడ శివార్లకు కరెంటిచ్చేది రిలయన్స్. టాటా పవర్‌కు కూడా ఇళ్ళకు అమ్ముకునే హక్కు వుందని 2008 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2009 అక్టోబరులో మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ దారి చూపింది: తీగలు రిలయన్స్‌వే, కరెంటు మాత్రం టాటాది, తీగ వాడుకున్నందుకు కిరాయి వినియోగదారుడు చెల్లించాలి. ఆ రోజుల్లో టాటా రేటు తక్కువ. ఇంకేం, జనం దరఖాస్తులు పట్టుకుని బయల్దేరారు.

నేనూ బయల్దేరాను. దరఖాస్తులో మొదటి గడి దగ్గరే నా కలం ఆగిపోయింది: 'మీటరు ఎవరి పేర వున్నది?' నా పేర ఎందుకుంటుంది, నేను అద్దెకున్నవాణ్ణి! ఇంటాయన సంతకం కోసం నెలరోజులు తిరిగాను. ఆయనకు లాభం లేదు, నష్టమూ లేదు; కాని "మీకెందుకండీ ఈ గొడవంతా?" అన్నదే ఆయన పాట. చివరికి అద్దె ఒప్పందం తిరగరాసే రోజున, అద్దె పెంచిన ఆనందంలో కాబోలు, సంతకం పెట్టాడు. బిల్లు తగ్గిన మాట నిజమే. నెలకు మా ఇంటిల్లిపాదికీ సినిమా ఖర్చు మిగిలేది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఎందుకు నిలవలేదో మన ఎకనామిక్స్ మిత్రుడు కాస్త శ్రద్ధగా వినాలి. ఏ పంపిణీ సంస్థ లెక్క చూసినా ఖర్చులో అధిక భాగం కరెంటు కొనుగోలుకే పోతుంది. బిల్లు ఇచ్చేవాడు మారినంత మాత్రాన బొగ్గు ధర మారదు, తీగ కిరాయి మారదు. టాటా చౌకగా ఇవ్వగలిగింది చాలావరకు ఆ సంస్థకు పాత విద్యుత్ కేంద్రాలు వుండటంవల్ల. రెండోది, ఎక్కువ కాల్చేవాడి దగ్గర కాస్త ఎక్కువ తీసుకుని తక్కువ కాల్చేవాడికి తగ్గించి ఇవ్వటం మన దేశపు పద్ధతి. ఎక్కువ కాల్చేవాడు కంపెనీ మారిపోతే పాత కంపెనీ దగ్గర మిగిలేదెవరు? ఒక ఫ్యాను, రెండు బల్బుల వాళ్ళు. వాళ్ళ రాయితీ భారం ఎవరు మొయ్యాలి? ఈ చిక్కు తీర్చటానికి 2011లో కమిషన్ వెళ్ళిపోయిన వాళ్ళమీదా సర్‌చార్జీ వేసింది. మిగులు కరిగింది. పెద్ద వాడకందార్లను ఏరుకుని తీసుకుపోతున్నారని రిలయన్స్ ఫిర్యాదు చేస్తే, ఇళ్ళ విషయంలో కొంతకాలం నెలకు 300 యూనిట్ల లోపు వాళ్ళనే చేర్చుకోవాలని 2012 ఆగస్టులో టాటాకు ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది! పోటీ పెట్టిన మూడేళ్ళలోపే పోటీకి పగ్గం వెయ్యవలసి వచ్చిందన్నమాట. (ఆ రిలయన్స్ వ్యాపారమే 2018లో అదానీ చేతికి పోయింది. అది వేరే కథ.)

ఇంకో సంగతి. వర్లీలో, పరేల్‌లో మిల్లు పనికి వలసపోయిన మన తెలుగువాళ్ళ కుటుంబాలు ఎన్నో వున్నాయి. అది బెస్ట్ సంస్థ కరెంటిచ్చే ప్రాంతం. 2009 నాటి వెసులుబాటు శివార్లదే గాని వాళ్ళది కాదు. ఒకే ఊళ్ళో ఒకడికి ఎంపిక, ఇంకొకడికి ఎదురుచూపు.

కంపెనీ మార్చుకునే హక్కు వద్దని నేననను. రానివ్వండి. కాని నన్ను వేధించింది కంపెనీ పేరు కాదు, ఆ మొదటి గడి. ఆ గడి దగ్గర నేను ఆగిపోవటం అది మొదటిసారి కూడా కాదు.

ఈ కాలేజీలో చదివేటప్పుడు నేను చినవాల్తేరులో ఓ గదిలో వుండేవాణ్ణి. వరసగా ఆరు గదులు, గదికో సబ్‌మీటరు. ప్రతి నెలా ఒకటో తారీకున మామ్మగారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి, అంకెలు చదివి, గోడమీద సున్నంతో రాసేవారు. మాకు కరెంటు అమ్మింది బోర్డూ కాదు, డిస్కమూ కాదు, మామ్మగారే! రేటూ ఆవిడదే. ఇప్పటికీ ఆ సందుల్లో అదే పద్ధతని, యూనిట్ పది రూపాయలని క్యాంటీనులో కుర్రాళ్ళే చెప్పారు.

లెక్క వేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు రూ. 1.90 చొప్పున, ఆపైన 75 వరకు రూ. 3.00 చొప్పున. గదిలో నెలకు 60 యూనిట్లు కాలిస్తే 147 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జి, సుంకం, సర్దుబాట్లు అదనం. అవన్నీ కలిపినా పది రూపాయల లెక్కన కట్టే 600కు ఎంతో దూరం. ఏ కంపెనీ మారితే ఇంత మిగులుతుంది?

పోనీ మామ్మగారు దోచుకుంటున్నారా? అంత తేలిగ్గా అనకండి. ఆరు గదుల కరెంటూ ఒకే మీటరు మీద పడితే 360 యూనిట్లు. 125 దాటాక యూనిట్ 6 రూపాయలు, 225 దాటాక రూ. 8.75. ఆవిడకు వచ్చే బిల్లు సుమారు 2,200. మా దగ్గర వసూలయ్యేది 3,600. అదే గదికో మీటరు వుంటే ఆరూ కలిపి 882! ఆవిడ మిగుల్చుకునేది కొంత. విడి మీటర్లు లేకపోవటంవల్ల అనవసరంగా పోయేది దానికి దగ్గర దగ్గర.

మరి మీటరు అడిగే హక్కు అద్దెవాడికి వుందా? వుంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ యజమాని దరఖాస్తు చేసినా, నివసించేవాడు దరఖాస్తు చేసినా కనెక్షన్ ఇవ్వాలంటుంది. యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెకున్నవాడికి కరెంటు నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది కూడా. చట్టం పుస్తకంలో వుంది, మామ్మగారు గేటు దగ్గర వున్నారు! పరీక్షలవగానే ఖాళీ చేసిపోయే కుర్రాడు డిపాజిట్టు కట్టి, వైరింగు వేయించి, ఇంటివాళ్ళతో తగవు తెచ్చుకుంటాడా అంటే, నేను తెచ్చుకోలేదు. మూడేళ్ళు నోరు మూసుకుని కట్టాను.

ఒక్కడుగా అడిగితే గది పోతుంది. అందుకే యూనియన్ మిత్రులకు నా విన్నపం. కంపెనీల పోటీ మీద వక్తృత్వ పోటీ పెట్టండి, నేనే జడ్జీగా వస్తాను. దానికి ముందు ఓ ఆదివారం నలుగురు కాగితం, పెన్సిలు పట్టుకుని చినవాల్తేరు, పెదవాల్తేరు సందులు తిరగండి. ఏ ఇంట్లో ఎన్ని గదులు, ఎన్ని మీటర్లు, యూనిట్ ఎంత అని రాసుకోండి. ఆ జాబితాతో ముందు ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళండి, తర్వాత సెక్షనాఫీసుకు. మా మామ్మగారు ఇప్పుడు లేరు. వుంటే మాత్రం 882కూ 2,200కూ తేడా చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని మరీ వినేవారని నా నమ్మకం. రూపాయి లెక్కలో ఆవిడ మా అందరికంటే గట్టి మనిషి.